స్పర్లు: రౌతు మడమ ముళ్లు, వాటి సేకరణ

గుర్రపు రౌతు బూటు మడమకు తగిలించుకునే లోహపు ముల్లును స్పర్ అంటారు. రౌతు దాన్ని గుర్రం డొక్కకు ఆనించి నడక పెంచమనో, పక్కకు జరగమనో, దూకమనో చెబుతాడు. పొన్నూరు, బాపట్ల పొలాల్లో ఎడ్లను అదిలించడానికి రైతు చేతిలో ముల్లుగర్ర ఎలాంటిదో, రౌతు కాలికి స్పర్ అలాంటిది. చేతులు కళ్లేనికీ కత్తికీ ఈటెకూ కావాలి గనక అదిలించే పని కాలికి అప్పగించారు. హైదరాబాదు ఉర్దూలో దీన్ని మహ్‌మేజ్ అంటారు. తెలుగునాట పోలీసు గుర్రపు దళాల్లో, పోలో మైదానాల్లో స్పర్ అన్న మాటే చెల్లుతుంది.

పాత స్పర్లను సేకరించేవాళ్లు యూరప్, అమెరికాల్లో ఎక్కువ. మన దగ్గర కత్తులు, నాణేలు, తపాలా బిళ్లలు సేకరించేవాళ్లు ఉన్నంతగా వీటిని సేకరించేవాళ్లు లేరు. అయినా గుర్రపు స్వారీ చరిత్రకు ఇంత చిన్న వస్తువు ఇచ్చే సాక్ష్యం మరే సామగ్రీ ఇవ్వదు. జీను తోలు చీకిపోతుంది, గుర్రం ఎముకలు మట్టిలో కలుస్తాయి, స్పర్ మాత్రం మిగులుతుంది. దాని మెడ పొడవు, వంపు, కొన తీరు చూసి ఆ రౌతు కాలు చాచి కూర్చున్నాడా, మోకాలు మడిచి కూర్చున్నాడా, గుర్రానికి కవచం ఉందా, రౌతు కాలికి బూటు ఉందా అన్నది చెప్పవచ్చు. స్పర్‌ను అందం కోసమో వెండి కోసమో కొనేవాళ్ల కంటే ఇలా చదవడానికి కొనేవాళ్ల సేకరణే విలువైనది.

స్పర్‌లో ముఖ్యమైన భాగాలు మూడు. మడమను రెండు వైపులా పట్టుకునే గుర్రపు నాడా ఆకారపు పట్టీ ఒకటి. దాని మధ్య నుంచి వెనక్కి పొడుచుకొచ్చే మెడ రెండోది. మెడ చివర ఉండే కొన మూడోది. ఆ కొన ఒంటి ముల్లు కావచ్చు, తిరిగే ముళ్లచక్రం కావచ్చు, మొద్దు గుండీ కావచ్చు. పట్టీ చివర్లకు తోలు వారులు, బకిల్సు ఉంటాయి. కొన్నింటికి పాదం కింద నుంచి పోయే చిన్న గొలుసు కూడా ఉంటుంది. సంతలో దొరికే పాత స్పర్లకు తోలు వారులు దాదాపు ఉండవు. అసలు వారులతో దొరికిన జతకు ఆదరణ అందుకే ఎక్కువ.

ముల్లు నుంచి చక్రానికి

మధ్య యూరప్‌లో కెల్టు జాతుల లా తెన్ సంస్కృతి కాలానికే, అంటే క్రీ.పూ. 5వ శతాబ్దం ప్రాంతానికే స్పర్లు కనిపిస్తాయి. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు రచయిత జెనొఫోన్ స్వారీ గురించి రాస్తూ వీటిని ప్రస్తావించాడు. రోమన్లు వాడిన స్పర్లు చిన్నవి, పొట్టి ముల్లువి. నార్మన్లు ఇంగ్లండును జయించిన 1066 నాటి యుద్ధాన్ని గుడ్డ మీద కుట్టి చూపిన బాయూ పటంలో రౌతుల మడమల దగ్గర ఒంటి ముల్లు స్పర్లు స్పష్టంగా ఉన్నాయి. వెయ్యేళ్లకు పైగా ఈ ఆకారం పెద్దగా మారలేదు.

13వ శతాబ్దంలో తిరిగే ముళ్లచక్రం వచ్చింది. 14వ శతాబ్దంలో అది ఒంటి ముల్లును వెనక్కి నెట్టేసింది. చక్రం చుట్టూ అన్ని ముళ్లు చూసి అది క్రూరమైన సాధనమని అనుకుంటాం. నిజానికి ఒంటి ముల్లు ఒకే చోట లోతుగా దిగుతుంది. చక్రం చర్మం మీద దొర్లుతుంది, వత్తిడి అనేక కొనలకు పంచుతుంది. ముళ్ల సంఖ్య పెరిగే కొద్దీ గాటు పడే అవకాశం తగ్గుతుంది. పాత వస్తువుల దుకాణంలో పెద్ద చక్రాన్ని చూసి ముఖం చిట్లించేవాళ్లకు సేకర్తలు మొదట చెప్పే సంగతి ఇదే.

15వ శతాబ్దపు స్పర్ల ముందు ఎక్కువసేపు ఆగాలి. వాటి మెడలు జానెడు దాటి సాగాయి. అంత పొడుగు ముల్లు పెట్టుకుని నేల మీద నడవడమే కష్టం. కారణం జీనులోనూ కవచంలోనూ ఉంది. ఆ కాలపు యుద్ధ జీనుకు ముందూ వెనకా ఎత్తైన గోడలుంటాయి. ఈటెతో ఎదుటివాణ్ని ఢీకొన్నప్పుడు వెనక్కి పడిపోకుండా రౌతు కాళ్లు నిటారుగా చాచి, రికాబుల మీద బరువు వేసి, దాదాపు నిలబడినట్టు కూర్చుంటాడు. అలా చాచిన కాలి మడమ గుర్రం పక్కకు దూరంగా పోతుంది. పైగా గుర్రానికీ ఉక్కు పలకల కవచం ఉంది. ఆ పలక అంచు దాటి డొక్కకు చేరాలంటే మెడ సాగక తప్పదు. 16వ శతాబ్దంలో తుపాకులు పెరిగి గుర్రాల కవచం వదిలేశారు. రౌతు మోకాలు మడిచి గుర్రాన్ని కావలించుకున్నట్టు కూర్చోవడం మొదలుపెట్టాక మెడ మళ్లీ పొట్టిదైంది, కిందికి వంగింది. ఒక బల్ల మీద 1350, 1470, 1600 నాటి మూడు స్పర్లు పక్కపక్కన పెడితే యుద్ధ విద్యలో వచ్చిన ఈ మార్పంతా గ్రంథం తెరవకుండానే కళ్లకు కడుతుంది.

పూత పూసిన స్పర్ యూరప్‌లో వీరుడి హోదాకు గుర్తు. నైట్‌గా పట్టం కట్టేటప్పుడు మడమలకు వీటిని తొడిగేవారు. 1302 జులై 11న ఇప్పటి బెల్జియంలోని కోర్ట్‌రైక్ దగ్గర ఫ్లాండర్సు కాల్బలం ఫ్రెంచి ఆశ్వికదళాన్ని ఊచకోత కోసింది. చనిపోయిన నైట్ల కాళ్ల నుంచి తీసిన బంగారు పూత స్పర్లను వందల కొద్దీ అక్కడి చర్చిలో వేలాడదీశారు. ఆ పోరును నేటికీ బంగారు స్పర్ల యుద్ధమనే పిలుస్తారు. ఎనభై ఏళ్ల తర్వాత 1382లో ఫ్రెంచివాళ్లు గెలిచి వాటిని దించుకుపోయారు. బ్రిటిష్ పట్టాభిషేక సామగ్రిలో ఉన్న బంగారు స్పర్లు 1661లో రెండో చార్లెసు కోసం చేయించినవి. చక్రాల స్పర్లు లోకమంతా నిండిన కాలంలో కూడా వాటిని పాత పద్ధతిలో ఒంటి ముల్లుతోనే చేశారు. లాంఛనానికి పాత ఆకారమే గౌరవమని భావించారు. కాలనిర్ణయంలో ఇలాంటి వాటితో జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఆకారం చెప్పే కాలం కంటే వస్తువు అసలు వయసు చిన్నది కావచ్చు.

17వ శతాబ్దపు ఇంగ్లండులో స్పర్లు షోకు వస్తువులయ్యాయి. గుర్రం ఎక్కనివాళ్లు కూడా వాటిని గలగలలాడించుకుంటూ ఇళ్లలో, వీధుల్లో తిరిగేవారు. చర్చిలోకి స్పర్లతో వచ్చినవాళ్ల దగ్గర పాటల బృందంలోని పిల్లలు జరిమానా వసూలు చేసే ఆచారం పుట్టింది. యార్క్‌షైరులోని రిపన్ పట్టణం స్పర్ల తయారీకి పేరు మోసింది. తర్వాతి కాలంలో ఆ పని వాల్సాల్ కమ్మరుల చేతికి పోయింది. వెండి స్పర్ల మీద కొట్టిన ముద్రలు సేకర్తకు వరం. తయారీదారు గుర్తు, ఊరి గుర్తు, సంవత్సరాక్షరం చదవగలిగితే వస్తువు పుట్టిన ఏడాది తెలిసిపోతుంది. 19వ శతాబ్దంలో బూటు మడమలోనే లోహపు గూడు అమర్చి, అందులోకి స్ప్రింగుతో బిగుసుకునే స్పర్ వచ్చింది. సైనికాధికారుల విందు దుస్తులతో వాడినవి ఎక్కువగా ఇవే. వీటికి తోలు వారులు అక్కర్లేదు. అయితే బూటుతో పాటు గూళ్లు పోవడంతో స్పర్లు ఒంటరిగా మిగిలాయి.

బోసికాళ్ల రౌతులు

మన దేశంలో గుర్రపు స్వారీకి ఇంత చరిత్ర ఉండి కూడా పాత దేశీ స్పర్లు ఎందుకు దొరకవు? జవాబు పాదాల దగ్గర ఉంది. స్పర్ నిలబడాలంటే గట్టి మడమ ఉన్న బూటు కావాలి. మన రౌతు బోసికాళ్లతోనో మెత్తటి చెప్పులతోనో గుర్రం ఎక్కాడు. అమరావతి శిల్పాల్లో సిద్ధార్థుడి గుర్రం కంథకం ఉంది, రాజుల గుర్రాలు ఉన్నాయి. కళ్లెం, పట్టెడలు, మెడ అలంకారాలు శిల్పి ఎంతో శ్రద్ధగా చెక్కాడు. రౌతు కాళ్లు మాత్రం బోసివే. 1797లో ఇంగ్లీషు అధికారి కాలిన్ మెకంజీ అమరావతి స్తూపాన్ని చూసిన తర్వాత అక్కడి రాళ్లు చెన్నై మ్యూజియానికీ లండన్ బ్రిటిష్ మ్యూజియానికీ చేరాయి. స్వారీ సామగ్రి మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఆ రెండు చోట్లా రౌతుల పాదాలను ప్రత్యేకంగా గమనించాలి. ఇదే కాలానికి ఉత్తరాన సాంచి, మథుర శిల్పాల్లో కాలి వేలు పెట్టుకునే చిన్న రికాబు కనిపిస్తుంది. వేలికి తొడిగే రికాబు కూడా బోసికాలి రౌతు సాధనమే.

పొన్నూరు చుట్టుపక్కల నేల మధ్యయుగంలో సైన్యాలు నడిచిన నేల. దగ్గర్లోని చందవోలు వెలనాటి చోళుల రాజధాని. గుంటూరు దారిలో ఉన్న చేబ్రోలులో కాకతి గణపతిదేవుడి గజసాహిణి జాయప 1213లో శాసనం వేయించాడు. ఆయన ఏలినది ఏనుగుల దళాన్ని. ఏనుగుకు అంకుశం ఉన్నట్టే గుర్రానికి కొరడా, కళ్లెం ఉండేవి, మడమ ముల్లు లేదు. ఓరుగల్లు దగ్గరి బొల్లికుంటలో పండితులు రుద్రమదేవిగా గుర్తించిన శిల్పంలో ఆమె గుర్రం మీద ఒక చేత కత్తి, మరో చేత కళ్లెం పట్టుకుని ఉంది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్‌తో సంధి చేసుకున్నప్పుడు కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు 100 ఏనుగులు, 7,000 గుర్రాలు ఇచ్చాడని ఢిల్లీ చరిత్రకారుడు బరనీ చెబుతాడు. అన్ని గుర్రాలున్న రాజ్యంలో రౌతులు వాటిని ఎలా నడిపారన్న ప్రశ్నకు వీరగల్లుల మీద చెక్కిన రౌతులే సాక్షులు. పల్నాడు వైపు తిరిగేవాళ్లు వాటిని ఈ కంటితో కూడా చూడవచ్చు.

విజయనగర కాలంలో గుర్రాల వ్యాపారం తారస్థాయికి చేరింది. హంపీ మహానవమి దిబ్బ రాళ్ల మీద గుర్రాలను నడిపించుకొచ్చే విదేశీ వర్తకుల బొమ్మలున్నాయి. రాజు ఏటా హొర్ముజు నుంచి వచ్చినవీ దేశవాళీవీ కలిపి 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. సముద్రంలో చచ్చిపోయిన గుర్రం తోక తెచ్చి చూపినా సాళువ నరసింహుడు పూర్తి ధర ఇచ్చేవాడని కూడా అతనే రాశాడు. ఇలా కొన్న గుర్రాలున్న సైన్యంతోనే 1515లో కృష్ణదేవరాయలు కొండవీడు పట్టుకున్నాడు. గోవా పోర్చుగీసు రౌతులు బూట్లు, స్పర్లు వేసుకున్నవాళ్లే. వాళ్ల దగ్గర గుర్రాలు కొన్న మన రౌతులు వాళ్ల స్పర్ల జోలికి పోలేదు. దీన్ని వెనకబాటుతనంగా చూసిన ఇంగ్లీషు రచయితలు ఉన్నారు, అది సరికాదు. స్పర్ రౌతు సామర్థ్యానికి కొలత కాదు. ఎండ దేశంలో బూటు అక్కర్లేదు, బూటు లేనిచోట స్పర్ నిలవదు. మన దగ్గర ముళ్ల కళ్లెం ఆ పనిలో కొంత చేసింది. దాని వల్ల గుర్రం నోటికి తగిలిన బాధ యూరప్ గుర్రం డొక్కకు తగిలిన దానికి తీసిపోదు.

గోల్కొండ కాలంలోనూ ఇదే తీరు. దక్కనీ చిత్రాల్లో సుల్తాన్ల, అమీర్ల కాళ్లకు ముక్కు తేలిన మెత్తటి జోళ్లు ఉంటాయి, మడమ వెనక ముల్లు దాదాపు కనబడదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని దక్కనీ చిత్రాలను ఈ దృష్టితో చూడటం మంచి అభ్యాసం. పశ్చిమ ఆసియాలో, ఉత్తర ఆఫ్రికాలో మరో ఏర్పాటు ఉండేది. పాదమంతా పట్టే వెడల్పు రికాబు పలక మూలలు పదునుగా ఉండి, వాటితోనే గుర్రాన్ని పొడిచేవారు. సేకర్తలు ఇలాంటి రికాబులను కూడా స్పర్ల పక్కనే పెడతారు.

దక్కన్ రిసాలాలు

తెలుగు నేల మీద స్పర్ మామూలు వస్తువైంది యూరప్ సైన్యాల రాకతో. 1752 ప్రాంతంలో కొండవీడు సర్కారు ఫ్రెంచివారి చేతికి వెళ్లింది. 1759లో మచిలీపట్నం ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు. 1788లో గుంటూరు సర్కారు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. నిజాంతో 1798 ఒప్పందం తర్వాత హైదరాబాదులో కంపెనీ దళాలు స్థిరపడ్డాయి, 1806లో సికింద్రాబాదు కంటోన్మెంటు వెలిసింది. మన ప్రాంతంలో పాత స్పర్ దొరికితే అది ఈ కాలానిదో, దీని తర్వాతిదో అయ్యే అవకాశమే చాలా ఎక్కువ.

సేకర్తకు ఇక్కడ అసలైన సరుకు ఇంగ్లీషు అధికారుల కింద నడిచిన హైదరాబాదు కంటింజెంటు గుర్రపు దళాలది. వీటిలో సిల్లేదారీ పద్ధతి ఉండేది. సవారు తన గుర్రాన్నీ సామగ్రినీ తానే సమకూర్చుకుని కొలువులో చేరతాడు. సామగ్రి సర్కారు కొట్టు నుంచి ఒకే అచ్చులో వచ్చేది కాదు గనక పనితనంలో తేడాలు సహజం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ పద్ధతి ఎత్తేశారు. 1903లో కంటింజెంటు దళాలు భారత సైన్యంలో కలిసి 20వ దక్కన్ హార్స్, 29వ లాన్సర్లు వంటి పేర్లు పొందాయి. 1916 జులై 14న ఫ్రాన్సులో సోమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర దక్కన్ హార్స్ సవార్లు ఈటెలతో దాడి చేశారు. మరతుపాకుల కాలంలో గుర్రాల మీద జరిగిన అరుదైన దాడుల్లో అదొకటి. ఆ దళం వారసత్వం నేడు భారత సైన్యంలో ట్యాంకుల రెజిమెంటుగా కొనసాగుతోంది.

నిజాం సొంత దళమైన హైదరాబాదు లాన్సర్లు జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లతో కలిసి ఒకే బ్రిగేడుగా పాలస్తీనాలో పోరాడారు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టుకున్నది ఆ బ్రిగేడే. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలిచిన మూడు కంచు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సవార్లవి.

పోలో వేరే దారిలో స్పర్లను తెచ్చింది. 1896లో హైదరాబాదులో జరిగిన గోల్కొండ కప్పు పోటీలో గెలిచిన 4వ హుస్సార్ల జట్టులో యువకుడైన విన్‌స్టన్ చర్చిల్ ఉన్నాడు. పోలో స్పర్లు పొట్టివి, మొద్దు కొనవి. సైనిక స్పర్ మెడ హంస మెడలా పైకి లేచి వంగుతుంది. ఈ రెంటినీ వేరు చేయడం తెలుగునాట సేకరణ మొదలుపెట్టేవాడికి మొదటి పాఠం.

అమెరికా దారి

స్పెయిన్ వాళ్లతో స్పర్ అమెరికా ఖండానికి చేరి అక్కడ కొత్త రూపాలు ఎత్తింది. మెక్సికోలో పుయెబ్లా దగ్గరి అమోసోక్ పట్టణం ఇనుములో వెండి పొదిగిన స్పర్లకు ప్రసిద్ధి. చిలీ పశుపాలకుల స్పర్ల చక్రాలు అరచేయంత ఉంటాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో టెక్సాస్ తీరు సాదాగా, గట్టిగా ఉంటుంది. కాలిఫోర్నియా తీరు వెండి చెక్కడంతో, చిన్న గజ్జెలతో అలంకారంగా ఉంటుంది. న్యూజెర్సీ నూఆర్క్‌లో ఆగస్ట్ బ్యూర్మన్ కర్మాగారం, నెవాడా ఎల్కోలో గార్సియా దుకాణం ముద్రలు ఉన్నవాటి కోసం సేకర్తలు పోటీ పడతారు. గుంటూరు జిల్లా కుటుంబాలు ఎన్నో ఉన్న డాలస్ నుంచి ఫోర్ట్‌వర్త్ పశువుల దొడ్ల వీధులు గంట ప్రయాణం లోపే. కౌబాయ్ స్పర్లు వాడుకలో ఎలా ఉంటాయో అక్కడ చూడవచ్చు. ఓక్లహోమా సిటీలోని జాతీయ కౌబాయ్ మ్యూజియం ఈ విషయానికి గొప్ప నెలవు.

సేకరణ, పరిరక్షణ

చదువుకోవాల్సిన మొదటి పుస్తకం చార్లెస్ డి లేసీ లేసీ 1911లో ప్రచురించిన స్పర్ చరిత్ర. మధ్యయుగపు వాటికి లండన్ మ్యూజియం 1995లో తెచ్చిన మధ్యయుగ గుర్రపు సామగ్రి గ్రంథంలో బ్లాంచ్ ఎలిస్ చేసిన వర్గీకరణ ప్రమాణం. ఇంగ్లండు పొలాల్లో దొరికిన వస్తువులను నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ జాబితాలో వేలాది ఫొటోలతో పాటు కొలతలూ ఉన్నాయి. ఇంటి దగ్గర కూర్చుని కంటికి తర్ఫీదు ఇచ్చుకోవడానికి అంతకంటే మంచి సాధనం లేదు. లీడ్సులోని రాయల్ ఆర్మరీస్, న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం సేకరణలు కూడా ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉన్నాయి.

హైదరాబాదు జుమ్మేరాత్ బజారు వంటి పాత సామాను సంతల్లో స్పర్ కనిపిస్తే వెంటనే సంబరపడకూడదు. కాన్పూరు జీన్ల పరిశ్రమ, అలీగఢ్ లోహ పరిశ్రమ ప్రపంచానికి గుర్రపు సామగ్రి ఎగుమతి చేస్తున్నాయి. వాటిలో పాత అచ్చుల నకళ్లు కూడా ఉన్నాయి. అవి నిజాయితీగా కొత్తవిగా అమ్మే వస్తువులే. నాలుగు చేతులు మారేసరికి ఆమ్లంలో ముంచిన తుప్పుతో పురాతనమైపోతాయి. పోత అచ్చు కలిసిన గీత పట్టీ లోపల కనిపిస్తుందేమో వేలితో తడిమి చూడాలి. కమ్మరి సాగగొట్టిన పాత స్పర్‌కు ఆ గీత ఉండదు. చక్రం తిరిగే ఇరుసు దగ్గర అరుగుదల ఒక వైపే ఎక్కువ ఉండాలి. బకిల్ తగిలే కన్నం తోలు లాగిన దిక్కులో సాగి ఉండాలి. వాడిన వస్తువు ఎక్కడ రాపిడి పడుతుందో అక్కడే అరుగుతుంది, నకలు మీద తుప్పు అంతటా సమానంగా ఉంటుంది. అసలు జతలో కూడా కుడి, ఎడమ స్పర్లు ఒకేలా అరగవు.

పొన్నూరు ప్రాంతంలో పాత ఇనుముకు పెద్ద శత్రువు గాలి. సముద్రం దగ్గర గనక ఆ గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉంటాయి. వానాకాలంలో నారింజ రంగు పొడి రాలుతుంటే లోపల తుప్పు ఇంకా పని చేస్తోందని అర్థం. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి పెట్టడం, ఏడాదికోసారి పలచగా మైనం పట్టించడం చాలు. ఇత్తడి సామాను తోమినట్టు చింతపండు, ఇటుకపొడి పట్టుకుని బంగారు పూత స్పర్‌ను రుద్దితే ఐదు వందల ఏళ్లు నిలిచిన పూత ఒక్క పూటలో పోతుంది. గరుకు కాగితం అసలే వద్దు. స్థిరపడిన నల్లటి తుప్పు పొర వస్తువుకు రక్షణ కూడా. తోలు వారులకు వంటనూనె రాస్తే బూజు పడుతుంది.

ప్రతి వస్తువుకూ ఒక కాగితం ఉండాలి. పొడవు, బరువు, లోహం, ముద్రలతో పాటు ఎక్కడ, ఎవరి చేతి నుంచి కొన్నారో రాయాలి. మాజీ సైనికుడి ఇంట్లో పెట్టె అడుగున దొరికిన మామూలు ఉక్కు స్పర్‌కు ఆ సవారు పేరు, రెజిమెంటు, ఒక ఫొటో తోడైతే అది వెండి స్పర్ కంటే మిన్న. దక్కన్ సవార్ల సామగ్రి విషయంలో ఇలాంటి కాగితాలు చాలా తక్కువగా మిగిలాయి. ఇళ్లలో వృద్ధులు ఉండగానే అడిగి రాసుకోవాలి.

చట్టం సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. పొలం దున్నుతుండగానో, కొండవీడు వంటి కోటల దిగువనో భూమిలో పాత వస్తువు బయటపడి, దాని విలువ పది రూపాయలు దాటితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వకూడదు. 1972 పురావస్తువుల చట్టం నూరేళ్లు నిండిన చారిత్రక వస్తువును పురావస్తువుగా పరిగణిస్తుంది. 1916 నాటి సవారు స్పర్ కూడా ఇప్పుడు ఆ లెక్కలోకే వస్తుంది. అలాంటి దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం, విదేశంలో ఉన్న కొడుక్కి కానుకగా పంపినా అంతే. పాతదానిలా కనిపించే కొత్త నకలును తీసుకెళ్లాలన్నా, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం భారత పురావస్తు సర్వే శాఖ నుంచి తీసుకుంటే విమానాశ్రయంలో ఇబ్బంది ఉండదు.